రేస్ ఇస్తే స్పీకర్లలో ఈల వస్తోంది: డీజిల్ బండి, కొత్త ఆంప్, హనుమకొండ

ఓరుగల్లు_డీజిల్ | హనుమకొండ | శనివారం, రాత్రి 10:42

అందరికీ నమస్తే. ఇక్కడ చాలా రోజుల నుంచి చదువుతున్నా, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

నాది 2014 డీజిల్ సెడాన్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా, లక్షా పద్దెనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. పోయిన నెల పాత స్టీరియో తీసేసి తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో, డిక్కీలో నాలుగు చానళ్ల ఆంప్ (స్పీకర్లకు సౌండ్ పెంచి పంపే డబ్బా), పది అంగుళాల వూఫర్ పెట్టించా. వరంగల్‌లోనే ఒక షాపులో. ఇంజన్ ఆఫ్‌లో ఉంటే పాట అద్దంలా ఉంటుంది. స్టార్ట్ చేశానా, స్పీకర్లలో సన్నటి ఈల మొదలు. రేస్ ఇస్తే పైకి ఎక్కుతుంది, వదిలితే దిగుతుంది. మా చిన్నది "డాడీ, మన కార్లో విమానం ఉంది" అంటోంది.

మళ్లీ షాపుకు పోతే నాయిస్ ఫిల్టర్ అని ఒక డబ్బా తగిలించి 650 తీసుకున్నారు. కొంచెం తగ్గింది, పోలేదు. ఇంకోసారి పోతే "డీజిల్ బండ్లకు అంతే సార్, సౌండ్ పెంచితే వినపడదు" అన్నారు. సౌండ్ పెంచడానికేనా ఇంత డబ్బు పోసింది?

ఇరవై రోజుల్లో ఇంటిల్లిపాదీ వేములవాడ, కొండగట్టు పోయేది ఉంది. అప్పటిలోగా ఈ టెన్షన్ వదిలించుకోవాలి. ఇంకో మాట, దీనికి సంబంధం ఉందో లేదో తెలియదు. రెండు మూడు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది. బ్యాటరీ మూడేళ్లది. అదీ మార్చేద్దామని చూస్తున్నా.

బొగ్గుబావి_బాస్ | గోదావరిఖని | శనివారం, రాత్రి 11:05

అన్నా, డైనమో సౌండ్ అది. స్టీరియో నుంచి ఆంప్‌కు పాట తెచ్చే ఆర్‌సీఏ వైర్లు, పవర్ వైరు ఒకే పక్క నుంచి లాగి ఉంటారు. పవర్ ఎడమ పక్క, ఆర్‌సీఏ కుడి పక్క వేయించు. నా బండికి అట్లనే పోయింది.

వీధి_విజిల్ | జగిత్యాల | శనివారం, రాత్రి 11:19

ప్లగ్ వైర్లు మార్చు భయ్యా. నా పాత బండికి అదే చేశా, టకటక బంద్.

కాజీపేట_కరెంట్ | కాజీపేట | ఆదివారం, ఉదయం 6:50

జగిత్యాల తమ్మీ, డీజిల్ బండికి ప్లగ్ వైర్లు ఎక్కడివి? నీది పెట్రోల్ అయి ఉంటుంది. స్పార్క్ వల్ల వచ్చేది నువ్వన్నట్టే టకటక. డీజిల్‌లో స్పార్కే ఉండదు. గ్లో ప్లగ్ ఉంటుంది, అది వేడి చేయడానికి మాత్రమే.

హనుమకొండ బ్రదర్, రేస్‌తో పాటు ఎక్కే ఈల అంటే ఆల్టర్నేటర్ (ఇంజన్ తిప్పితే బండికి కరెంటు పుట్టించేది) నుంచి వస్తున్నదే. అందులో పుట్టేది మూడు ఫేజుల ఏసీ కరెంటు. కరెంటును ఒక వైపే పోనిచ్చే ఆరు డయోడ్లు లోపల ఉంటాయి, అవి దాన్ని డీసీ చేస్తాయి. ఆ డీసీ నున్నగా ఉండదు, మీద చిన్న చిన్న అలలు మిగులుతాయి. కార్లలో ఎక్కువగా పన్నెండు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న రోటార్ వాడతారు, అది లోపల తిరిగే భాగం. దానికి ఒక్క చుట్టుకు ఆరు ఏసీ సైకిళ్లు, సైకిల్‌కు ఆరు చొప్పున 36 అలలు. రేస్ ఇవ్వకుండా ఐడిల్‌లో ఇంజన్ నిమిషానికి 800 తిరుగుతోందనుకో. ఆల్టర్నేటర్ పుల్లీ చిన్నది కాబట్టి అది సుమారు రెండున్నర రెట్లు, అంటే నిమిషానికి 2000 తిరుగుతుంది. సెకనుకు 33 చుట్లు. 36తో గుణిస్తే 1200 హెర్ట్జ్. ఇంజన్‌ను 2000కి ఎక్కిస్తే ఈల 3000 హెర్ట్జ్‌కు పోతుంది. మన చెవికి బాగా చురుగ్గా వినిపించేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. అందుకే చీమంత అల కూడా చిరాకు పెడుతుంది.

అలలు ప్రతి బండిలోనూ ఉంటాయి. నీ స్పీకర్‌లోకి ఏ దారిన దూరుతున్నాయో పట్టుకోవాలి. రూపాయి ఖర్చు పెట్టకుండా ఇవి చేసి చెప్పు.

స్టీరియో వాల్యూం సున్నాకు పెట్టి విను. ఈల తగ్గిందా, అంతే ఉందా? తర్వాత అన్నీ ఆఫ్ చేసి, డిక్కీలో ఆంప్ దగ్గర ఆర్‌సీఏ పిన్నులు పీకు. స్టీరియో, ఆంప్ రెండూ ఆఫ్‌లో ఉండాలి, మర్చిపోకు, ఎందుకో తర్వాత చెప్తా. పీకాక ఇంజన్ స్టార్ట్ చెయ్యి. ఈల ఇంకా ఉంటే గొడవ ఆంప్ పవర్ వైపు, పోతే స్టీరియో వైపు. ఆఖరుకు, ఫోన్ జాక్ నుంచి ఆర్‌సీఏకు వచ్చే వైరు ఒకటి దొరుకుతుంది, దాంతో ఫోన్‌ను నేరుగా ఆంప్‌కు కలిపి పాట పెట్టు. ఫోన్ చార్జింగ్‌లో ఉండొద్దు.

మంచిర్యాల_మ్యూజిక్ | మంచిర్యాల | ఆదివారం, ఉదయం 9:12

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాకు ఆంప్ లేదు, కంపెనీ స్టీరియోనే. ఫోన్ ఆక్స్ వైరుతో పెడితే ఇదే ఈల. బ్లూటూత్‌లో లేదు. స్టీరియో పోయిందంటారా?

కాజీపేట_కరెంట్ | కాజీపేట | ఆదివారం, ఉదయం 9:30

పోలేదు. ఫోన్‌కు చార్జర్ కూడా పెట్టి ఉంటావు. అది పీకి చూడు.

మంచిర్యాల_మ్యూజిక్ | మంచిర్యాల | ఆదివారం, ఉదయం 9:41

పోయింది!! ఏం మాయ ఇది?

కాజీపేట_కరెంట్ | కాజీపేట | ఆదివారం, ఉదయం 10:02

చార్జర్ ద్వారా ఒక ఎర్త్ (కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగి పోయే దారి), ఆక్స్ వైరు ద్వారా ఇంకో ఎర్త్. ఫోన్ రెండింటి మధ్య వంతెన అయింది. బ్లూటూత్‌లో పాట పెట్టుకో, అయిపోయింది. ఆక్సే కావాలంటే మధ్యలో ఆ రెండు ఎర్త్‌లను విడదీసే ఐసోలేటర్ పెట్టొచ్చు. లోపల బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. మరీ చవకది కొంటే డప్పు దెబ్బ పలచబడుతుంది.

ఓరుగల్లు_డీజిల్ | హనుమకొండ | ఆదివారం, సాయంత్రం 5:26

అన్నా, మధ్యాహ్నం తిండి మానేసి డిక్కీలోనే కూర్చున్నా. మా ఆవిడ బిర్యానీ డిక్కీకే తెచ్చిచ్చింది.

వాల్యూం సున్నాలోనూ ఈల అంతే ఉంది, ఇసుమంత తగ్గలేదు. ఆర్‌సీఏ పీకితే పూర్తిగా పోయింది. ఫోన్‌ను నేరుగా ఆంప్‌కు కలిపితే కూడా ఈల లేదు.

అయితే ఒకటి గమనించా. ఫోన్ కలిపి ఉన్నప్పుడు హెడ్‌లైట్లు, ఏసీ వేస్తే అడుగున ఎక్కడో ఒక గురగుర. పక్కింట్లో గ్రైండర్ తిరుగుతున్నట్టు. పాట పెడితే వినపడదు.

కాజీపేట_కరెంట్ | కాజీపేట | ఆదివారం, రాత్రి 8:15

గురగుర బ్లోయర్ ఫ్యాన్‌ది అయి ఉంటుంది, దాన్ని తర్వాత చూద్దాం. ముందు ఈల సంగతి.

వాల్యూం సున్నాలోనూ ఈల తగ్గలేదంటే అది వాల్యూం దాటిన తర్వాత కలుస్తోంది. ఆర్‌సీఏ పీకితే పోయింది, ఫోన్ పెడితే రాలేదు. కాబట్టి ఆంప్ కడిగిన ముత్యం. స్టీరియోకు, ఆంప్‌కు మధ్య ఎర్త్ తేడా ఉంది.

మన గొలుసుకట్టు చెరువులు తలుచుకో. పై చెరువు, కింది చెరువు, మధ్యలో కాలువ. మట్టాల్లో తేడా ఉన్నంతసేపు కాలువలో నీళ్లు పారుతూనే ఉంటాయి. స్టీరియో ఎర్త్ ఒక చెరువు, డిక్కీలో ఆంప్ ఎర్త్ ఇంకో చెరువు. ఆర్‌సీఏ వైరు మీద ఉండే అల్లిక తీగ కాలువ. బండి బాడీ అంతా ఒకే ఎర్త్ అని మనం అనుకుంటాం. కానీ పెయింట్ మీద బిగించిన బోల్టు, తుప్పు పట్టిన అతుకు ఎక్కడున్నా అక్కడ కొద్దిగా వోల్టేజ్ నిలుస్తుంది, దాని మీద ఆల్టర్నేటర్ అల ఉంటుంది. ఆ అల కాలువ వెంట పారుతుంటే ఆంప్ దాన్ని పాట అనుకుని పెంచి స్పీకర్‌కు పంపుతుంది.

ఇప్పుడు మల్టీమీటర్ తీసుకో. డీసీ, 2 వోల్టుల రేంజి. పొడుగు వైరుతో ఒక కొస బ్యాటరీ మైనస్ స్తంభం మీద, ఇంకో కొస ఆంప్ ఎర్త్ టెర్మినల్ మీద. ఇంజన్ నడుస్తూ, పాట మోగుతూ ఉండాలి. 0.1 కంటే బాగా తక్కువ రావాలి. తర్వాత అదే స్టీరియో బాడీ మీద.

బొగ్గుబావి_బాస్ | గోదావరిఖని | ఆదివారం, రాత్రి 8:40

ఇంత కథ ఎందుకన్నా, మీరు చెప్పిన ఐసోలేటరే ఆర్‌సీఏ మధ్యలో పెట్టి పారేస్తే పోదా?

కాజీపేట_కరెంట్ | కాజీపేట | ఆదివారం, రాత్రి 8:58

పోతుంది. ఎర్త్ బోల్టు మాత్రం వదులుగానే ఉంటుంది. పెద్ద ఆంప్ గుంజే కరెంటు అంతా ఆ బోల్టు గుండానే పోవాలి. వదులు అతుకు వేడెక్కుతుంది. మా లోకో షెడ్‌లో నల్లగా కాలిన లగ్గులు (వైరు కొసన బిగించే రింగులు) బోలెడు చూశా. మంచిర్యాల తమ్ముడికి చెప్పింది వేరు, అక్కడ సరిచేయడానికి వదులు బోల్టు ఏదీ లేదు.

వేదిక_పెద్ద | నిర్వాహకుడు | ఆదివారం, రాత్రి 9:30

మధ్యలో ఎవరో వైరింగ్ కిట్ల అమ్మకం ప్రకటన పెట్టారు, తీసేశాను. అమ్మకాలకు వేరే విభాగం ఉంది. చర్చ బాగుంది, కానివ్వండి.

ఓరుగల్లు_డీజిల్ | హనుమకొండ | మంగళవారం, రాత్రి 9:47

నిన్న ఆఫీసు నుంచి వస్తూ చౌరస్తాలో 250 పెట్టి మీటర్ కొన్నా.

ఆంప్ ఎర్త్ దగ్గర 0.23 వచ్చింది. స్టీరియో దగ్గర 0.04. ఆంప్ ఎర్త్ వైరు ఎక్కడ బిగించారో వెతికితే వెనక సీటు బోల్టు కింద, పెయింట్ మీదనే. లగ్ కూడా లేదు, వైరు పోగులు మెలితిప్పి బోల్టుకు చుట్టారు. చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఈ రోజు డిక్కీలో స్పేర్ టైర్ పక్కన ఒక చోటు చూసుకుని, ఎమిరీ పేపర్‌తో తెల్లటి ఇనుము కనపడేదాకా గీకి, లగ్ ప్రెస్ చేయించి, పళ్ల వాషర్ వేసి బోల్టు బిగించా. పైన కొంచెం గ్రీజు. ఇప్పుడు 0.02.

ఈల సగానికి సగం తగ్గింది. సగం ఉంది.

మానేరు_మీటర్ | కరీంనగర్ | మంగళవారం, రాత్రి 10:20

సీటు బోల్టు వదిలేసి మంచి పని చేశావు తమ్ముడూ. డ్రిల్ చేసే ముందు కింద డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపులు చూసుకున్నావు గదా? సీటు బెల్టు బోల్టు జోలికి కూడా పోవద్దు ఎప్పుడూ. ప్రమాదం జరిగితే ప్రాణం పట్టుకునేది ఆ బోల్టే.

ఓరుగల్లు_డీజిల్ | హనుమకొండ | మంగళవారం, రాత్రి 10:24

డ్రిల్ చేయలేదు సార్, ముందే ఉన్న బోల్టు.

కాజీపేట_కరెంట్ | కాజీపేట | మంగళవారం, రాత్రి 10:51

మిగిలిన సగానికి ఇంకో అనుమానం ఉంది. స్టీరియో బయటికి లాగు, అన్నీ ఆఫ్. దాని వెనక ఆర్‌సీఏ సాకెట్లు ఉంటాయి గదా, ఆర్‌సీఏ వైర్లు పీకేసి, ఆ సాకెట్ బయటి రింగు మీద మీటర్ ఒక కొస, స్టీరియో ఇనుప డబ్బా మీద ఇంకో కొస. బీప్ రావాలి, అంటే లోపల రెండూ కలిసి ఉన్నట్టు.

ఓరుగల్లు_డీజిల్ | హనుమకొండ | బుధవారం, రాత్రి 8:33

బీప్ లేదు. నాలుగు సాకెట్లూ అంతే. మీటర్ మీద 1 అని ఉండిపోయింది.

కాజీపేట_కరెంట్ | కాజీపేట | బుధవారం, రాత్రి 9:10

దొరికింది.

పిన్నులు పీకేటప్పుడు అన్నీ ఆఫ్‌లో ఉండాలని మొదటి రోజు చెప్పా, ఇందుకే. చాలా స్టీరియోల లోపల ఆర్‌సీఏ రింగుకూ, లోపలి ఎర్త్‌కూ మధ్య బియ్యపు గింజంత ఫ్యూజు ఉంటుంది. కొన్నిట్లో ఫ్యూజు కాకుండా బోర్డు మీద సన్నటి రాగి గీతే ఉంటుంది. ఆంప్‌కు పవర్ ఇచ్చి, దాని ఎర్త్ సరిగ్గా తగలకముందే ఆర్‌సీఏ కలిపారనుకో, ఆంప్ కరెంటంతా తిరిగి పోవడానికి ఆర్‌సీఏ అల్లిక వెంట స్టీరియోలోకి దూరుతుంది. గింజంత ఫ్యూజు ఎంతసేపు ఆగుతుంది? మీ షాపువాళ్లు పెయింట్ మీద ఎర్త్ పెట్టారు గదా, ఆ రోజే పోయి ఉంటుంది.

అది పోయాక రింగుకు సరైన ఎర్త్ ఆధారం లేదు. గాలిపటంలా ఊగుతూ దొరికిన అలనల్లా పట్టుకుంటోంది.

ఇప్పటికి పరీక్షగా ఒక రాగి తీగ రింగుకు చుట్టి, ఇంకో కొస స్టీరియో డబ్బా స్క్రూ కింద పెట్టి విను. పోతే ఎలక్ట్రానిక్స్ రిపేరు అతనితో లోపల సరిగా అతికించుకో.

ఓరుగల్లు_డీజిల్ | హనుమకొండ | గురువారం, రాత్రి 9:05

పోయిందన్నా!!!

తీగ చుట్టగానే బటన్ నొక్కినట్టు ఆగింది. ఈ రోజు టీవీ రిపేరు షాపులో లోపల చిన్న వైరు సోల్డర్ చేయించా. 150 అడిగాడు, రెండు వందలు ఇచ్చి వచ్చా. ఆ 650 ఫిల్టర్ డబ్బా కూడా తీసేసి చూశా, ఏ తేడా లేదు. ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తా.

వాల్యూం పెంచకుండా కూడా ఎంత హాయిగా ఉందో. చాలా చాలా థాంక్స్.

పరకాల_పత్తి | పరకాల | శుక్రవారం, ఉదయం 7:15

కార్ల ముచ్చట్లో ట్రాక్టర్ తెస్తున్నా, తిట్టకండి. మా పాత ట్రాక్టర్‌కు టేపు సెట్టు, రెండు డబ్బాలు ఉన్నాయి. పత్తి లోడుతో ఎనుమాముల మార్కెట్‌కు పోతుంటే రాత్రి వరసలో గంటలు గంటలు నిలబడాలి, పాటలు లేకపోతే నిద్ర వస్తది. ఇంజన్ నడుస్తుంటే ఈల కాదు, బరబర అని నూనె మరిగినట్టు వస్తది. ఎర్త్ కొత్తది వేసినా.

మానేరు_మీటర్ | కరీంనగర్ | శుక్రవారం, ఉదయం 8:40

ఎందుకు తిడతారు తమ్ముడూ, ముప్పై నాలుగేళ్లు నేను ఎక్కువగా చూసింది ట్రాక్టర్లు, లారీలే.

నీది నిజంగా డైనమో అయి ఉంటుంది. కార్లలో ఉన్న ఆల్టర్నేటర్‌ను కూడా మనం డైనమో అని పిలుస్తాం గానీ రెండూ ఒకటి కాదు. పాత డైనమోలో కమ్యుటేటర్ అనే తిరిగే రాగి పట్టీల మీద కార్బన్ బ్రష్‌లు రాసుకుంటూ నిప్పురవ్వలు లేస్తాయి. ఆ బరబర వాటిదే. బ్రష్‌లు అరిగితే మార్పించు, కమ్యుటేటర్ నల్లబడితే శుభ్రం చేయించు. తర్వాత డైనమో మెయిన్ టెర్మినల్‌కు, దాని బాడీకి మధ్య ఒక కండెన్సర్ వేయించు. పక్కనే చిన్న ఫీల్డ్ టెర్మినల్ ఉంటుంది, దానికి వేయకు. అక్కడ వేస్తే రెగ్యులేటర్ పాడవుతుంది.

ఇక హనుమకొండ తమ్ముడూ. నీ మొదటి పోస్టు మళ్లీ చదివినా. మూడు రోజులు ఆపితే సెల్ఫ్ బరువు అన్నావు. లైట్లు, ఏసీ వేస్తే గురగుర అన్నావు. ఈల పోయింది గదా అని ఎవరూ ఆ రెండింటినీ పట్టించుకోలేదు. గురగుర ఇంకా ఉందా? రేస్ ఇస్తే అది కూడా ఎక్కుతుందా?

ఓరుగల్లు_డీజిల్ | హనుమకొండ | శుక్రవారం, మధ్యాహ్నం 1:50

ఇప్పుడే చూసి వచ్చా సార్. ఉంది. లైట్లు ఆపితే దాదాపు లేదు. లైట్లు, ఏసీ, వెనక అద్దం హీటర్ వేస్తే బాగా తెలుస్తోంది. రేస్ ఇస్తే ఎక్కుతోంది. బ్లోయర్ ఒక్కటే ఆపినా పోలేదు.

మానేరు_మీటర్ | కరీంనగర్ | శుక్రవారం, మధ్యాహ్నం 2:35

అయితే అది బ్లోయర్ కాదు. కాజీపేట సార్ లెక్క అంతా కరెక్టే, దాన్నే ఇంకో అడుగు ముందుకు తీసుకుపోతా. ఆరు డయోడ్లూ బాగుంటే ఒక్కో ఏసీ సైకిల్‌కు ఆరు సమానమైన అలలు. అందులో ఒక డయోడ్ పోతే ప్రతి ఆరింటిలో ఒక గుంట పడుతుంది. ఆ గుంట సైకిల్‌కు ఒకసారే వస్తుంది కాబట్టి శబ్దం 1200 కాకుండా దాంట్లో ఆరో వంతు, 200 హెర్ట్జ్. అది ఈలలా ఉండదు, గుర్రుమంటుంది. లోడు పెరిగేకొద్దీ గుంట లోతు పెరుగుతుంది. నువ్వు గ్రైండర్ అన్నావే, అదే.

లీకయ్యే డయోడ్ అయితే ఇంకో పని కూడా చేస్తుంది. బండి ఆపాక బ్యాటరీ కరెంటు ఆల్టర్నేటర్‌లోకి వెనక్కి కారుతుంది. నువ్వు కొత్త బ్యాటరీ కొన్నా ఆరు నెలలకు అదే పాట. ఆగు, కొనకు.

మీటర్ ఏసీ వోల్టుల రేంజిలో పెట్టి, ఇంజన్ 2000 మీద ఉంచి, లైట్లు వేసి, ఆల్టర్నేటర్ లావు వైరు బోల్టుకు, ఆల్టర్నేటర్ బాడీకి మధ్య కొలువు. 0.1 లోపు ఉంటే బాగున్నట్టు. 0.5 దాటితే డయోడ్ పోయినట్టే. చొక్కా చేతులు మడిచి, మెడలో కండువా లేకుండా. బెల్టు తిరుగుతుంటుంది.

వీధి_విజిల్ | జగిత్యాల | శుక్రవారం, మధ్యాహ్నం 3:02

దీనికి మీటర్ ఎందుకు సార్. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ టెర్మినల్ పీకు. బండి ఆగితే డైనమో ఖరాబ్, ఆగకపోతే మంచిది. మా మేస్త్రీ అట్లనే చూస్తడు.

మానేరు_మీటర్ | కరీంనగర్ | శుక్రవారం, మధ్యాహ్నం 3:20

ఆ పని చేయకండి. ఎవరూ చేయకండి. పాత డైనమో రోజుల్లో నడిచిన విద్య అది. బ్యాటరీ అనేది బండి కరెంటుకు గుంజ లాంటిది. ఛార్జింగ్ జరుగుతుండగా దాన్ని పీకితే ఆల్టర్నేటర్ వోల్టేజ్ ఒక్కసారిగా పదుల వోల్టులకు ఎగురుతుంది. ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), మీటర్ బోర్డు, కొత్త స్టీరియో అన్నీ ఒకేసారి పోవచ్చు. పోయిన ఈసీఎంలు నా దగ్గరికే వచ్చేవి, "ఏం చేయలేదు సార్, ఊరికే టెర్మినల్ తీసినం" అని. పైగా దాంతో డయోడ్ సంగతి తేలదు. ఒక డయోడ్ పోయినా బండి నడుస్తూనే ఉంటుంది.

వీధి_విజిల్ | జగిత్యాల | శుక్రవారం, మధ్యాహ్నం 3:26

సరే సార్. మేస్త్రీకి కూడా చెప్తా. వినడు, అది వేరే సంగతి.

ఓరుగల్లు_డీజిల్ | హనుమకొండ | శుక్రవారం, సాయంత్రం 6:48

సార్, నా మీటర్ ఏసీలో 30 వోల్టులు చూపిస్తోంది! పిన్నులు అటు ఇటు మార్చి పెడితే సున్నా. భయమేసి ఇంజన్ ఆపేశా.

మానేరు_మీటర్ | కరీంనగర్ | శుక్రవారం, సాయంత్రం 7:05

బండికి ఏం కాలేదు, భయపడకు. 250 మీటర్ అంతే. ఏసీ రేంజిలో అది డీసీని ఆపదు, 14 వోల్టుల డీసీని చూసి 30 అని కూస్తుంది. ఇంట్లో కరెంటు ఉందో లేదో చూడటానికి పనికొస్తుంది గానీ ఇంత చిన్న అల దానికి అందదు. మంచి మీటర్ ఎవరి దగ్గరైనా అడుగు.

కాజీపేట_కరెంట్ | కాజీపేట | శుక్రవారం, సాయంత్రం 7:31

నా దగ్గర ఉంది. ఆదివారం పొద్దున డ్యూటీ దిగి వస్తా, ఫాతిమా నగర్ దగ్గర కలుద్దాం. బ్లోయర్ అని తొందరపడి అన్నది నేనే కాబట్టి మీటర్ మోయాల్సింది కూడా నేనే.

ఓరుగల్లు_డీజిల్ | హనుమకొండ | ఆదివారం, మధ్యాహ్నం 12:15

అన్న వచ్చారు. చాయ్ తాగి బానెట్ ఎత్తాం. నలుగురు గుమిగూడి "ఏమైంది, హీటెక్కిందా" అని ఒకటే అడగడం.

ఐడిల్‌లో లైట్లు లేకుండా 0.19. ఇంజన్ 2000 మీద, లైట్లు, ఏసీతో 0.62. డీసీ మాత్రం 13.9, అంటే పైకి అంతా బాగానే కనపడుతోంది. షాపులో కూడా డీసీ ఒక్కటే చూసి "చార్జింగ్ ఓకే" అన్నారు.

తర్వాత బండి లాక్ చేసి అరగంట ఆగి, మైనస్ వైరు తీసి మధ్యలో మీటర్ పెట్టి 10 ఆంపియర్ల రేంజిలో చూశాం. 0.41 ఆంపియర్లు పోతోంది. మైనస్ తీసే ఉంచి, ఆల్టర్నేటర్ లావు వైరు విప్పి పక్కకు కట్టి మళ్లీ కొలిస్తే 0.03.

మానేరు_మీటర్ | కరీంనగర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:58

ఇంక అనుమానం లేదు. 0.03 మామూలే, గడియారం, అలారం, స్టీరియో మెమరీ తినేది అంతే ఉంటుంది. 0.41 అంటే రోజుకు దాదాపు 10 ఆంపియర్ అవర్లు. మూడు రోజులకు 30. మూడేళ్ల బ్యాటరీలో సగం అక్కడే ఖాళీ. డీజిల్ ఇంజన్ సెల్ఫ్ బరువుగా తిరగదా మరి.

కొత్త ఆల్టర్నేటర్ అంటారు, కొనకు. రీవైండింగ్ షాపులో ఇచ్చి డయోడ్ ప్లేటు ఒక్కటి మార్చమను. విప్పారు కాబట్టి బ్రష్‌లు, బేరింగ్ కూడా చూడమను. పాత ప్లేటు అడిగి తెచ్చుకో. ఒక్కో డయోడ్‌ను మీటర్‌తో రెండు వైపులా కొలిస్తే ఏది పోయిందో నీకే తెలుస్తుంది.

ఓరుగల్లు_డీజిల్ | హనుమకొండ | బుధవారం, రాత్రి 9:36

మార్పించా. ప్లేటు, బ్రష్‌లు, పని కలిపి 1,900. బేరింగ్ బాగుందన్నారు. పాత ప్లేటు తెచ్చుకుని కొలిచా, ఒక డయోడ్ రెండు వైపులా బీప్ కొడుతోంది.

కాజీపేట అన్న మీటర్ ఇంకా నా దగ్గరే ఉంది. 2000 మీద, అన్నీ వేసి 0.05. బండి ఆపాక 0.03 ఆంపియర్లు. గురగుర లేదు.

కాజీపేట_కరెంట్ | కాజీపేట | బుధవారం, రాత్రి 10:04

సూపర్. ఒకటి మిగిలింది, ఆంప్ మీద గెయిన్ చివరిదాకా తిప్పి ఉంది, ఆదివారం చూశా. గెయిన్ అంటే వాల్యూం కాదు, స్టీరియో నుంచి వచ్చేదాన్ని ఆంప్ ఎంత పెంచాలో పెట్టేది. స్టీరియో మూడు వంతులు పెంచి, ఆంప్ గెయిన్ సున్నా నుంచి మెల్లగా తిప్పుతూ గొంతు పగలబోతోందనిపించిన చోట కాస్త వెనక్కి తిప్పి వదిలెయ్. ఎక్కువ పెడితే ఉన్న ప్రతి చిన్న శబ్దమూ పెద్దదవుతుంది.

కరీంనగర్ సార్‌కు దండం. ఈల పోగానే నేను ఫైలు మూసేశా, సార్ మళ్లీ తెరిచారు.

మానేరు_మీటర్ | కరీంనగర్ | గురువారం, ఉదయం 6:20

దండాలు ఎందుకు సార్, ఇంట్లో కూర్చుని చేసేదేముంది. తమ్ముడూ, వేములవాడ పోయేటప్పుడు కరీంనగర్ మీదనే గదా పోయేది. డ్యాం దగ్గర ఆగి మెసేజ్ పెట్టు. బానెట్ ఎత్తమని అడగను, చాయ్ తాగుదాం.

పరకాల_పత్తి | పరకాల | గురువారం, ఉదయం 7:48

నా ముచ్చట కూడా చెప్తా. బ్రష్‌లు గోరంత మిగిలినయ్. కొత్తవి వేయించి కండెన్సర్ పెట్టించినా, మెయిన్ టెర్మినల్‌కే. బరబర చాలా తగ్గింది, మొత్తం పోలేదు. మా తమ్ముని కారుకు కూడా లైట్లు వేస్తే ఏదో గుర్రుమంటుందట. కాజీపేట సార్, ఆ మీటర్ ఒకసారి మాకిస్తరా?

కాజీపేట_కరెంట్ | కాజీపేట | గురువారం, ఉదయం 8:10

ఇస్తా, ముందు హనుమకొండ నుంచి తిరిగి రానీ. దాని కవర్, ఎర్ర వైరు కూడా రావాలి బ్రదర్, గుర్తుందా?

ఓరుగల్లు_డీజిల్ | హనుమకొండ | గురువారం, ఉదయం 8:14

కవర్ ఉందన్నా. ఎర్ర వైరు మా చిన్నది బొమ్మకు కట్టింది, సాయంత్రం విప్పి తెస్తా.